హరికేన్ వరద, తీరం లేని ఊరు

అమెరికాలో హరికేన్ అనగానే ఫ్లోరిడా, లూసియానా, టెక్సాస్ తీరాలు, కిటికీలకు ప్లైవుడ్ చెక్కలు కొట్టుకునే ఇళ్లు, ఉప్పెనకు భయపడి రోడ్ల మీద బారులు తీరిన కార్లు గుర్తుకు రావడం సహజమే గాని, ఆ దేశపు ఇటీవలి మరణాల లెక్కలు చూస్తే అసలు ప్రమాదం ఒడ్డును దాటి చాలా లోపలికి వచ్చేసిందని అర్థమవుతుంది. మనం బంగాళాఖాతంలో అతి తీవ్ర తుఫాను అనేదే అట్లాంటిక్ మహాసముద్రంలోనూ మెక్సికో సింధుశాఖలోనూ హరికేన్. 1963 నుంచి 2012 వరకు ఇలాంటి తుఫానుల వల్ల అమెరికాలో నేరుగా సంభవించిన మరణాల్లో దాదాపు సగం ఉప్పెన వల్ల, నాలుగో వంతుకు కొంచెం పైగా వాన వరదల వల్ల జరిగాయని అక్కడి జాతీయ హరికేన్ కేంద్రం అధ్యయనం తేల్చింది. 2013 నుంచి 2022 వరకు నడిచిన దశాబ్దంలో వాన వరదల వాటా 57 శాతానికి పెరిగి మొదటి స్థానంలోకి వచ్చింది. తీరంలో హెచ్చరికలు మెరుగై, జనం ముందుగా కదలడం అలవాటు చేసుకోవడంతో ఉప్పెన చావులు తగ్గాయి. తీరానికి దూరంగా ఉన్న ఊళ్లకు మాత్రం అలాంటి అలవాటూ, దానికి తగిన ఏర్పాటూ ఏర్పడలేదు.

ఈ లోటు ఎంత ఖరీదైనదో 2024 సెప్టెంబరులో నార్త్ కరోలినా రాష్ట్రపు పశ్చిమ కొండల్లో తేలిపోయింది. హెలీన్ హరికేన్ సెప్టెంబరు 26 రాత్రి ఫ్లోరిడాలోని పెర్రీ పట్టణం సమీపంలో, గంటకు సుమారు 225 కిలోమీటర్ల గాలులతో, నాలుగో కేటగిరీ తుఫానుగా తీరం దాటింది. ఆ చోటికి ఉత్తరంగా సుమారు 600 కిలోమీటర్ల దూరంలో, బ్లూ రిడ్జ్ పర్వతాల నడుమ, సముద్ర మట్టానికి 2,000 అడుగులకు పైన ఉన్న ఊరు ఆష్‌విల్. 2020 జనగణన ప్రకారం అక్కడి జనాభా 95 వేలకు కాస్త తక్కువ. సముద్రం పెరిగినా, ఎండలు మండినా ఇక్కడ భయం లేదన్న నమ్మకంతో వాతావరణ మార్పుల నుంచి తలదాచుకోదగ్గ చోటుగా దాన్ని పత్రికలు పేర్కొనేవి. తీరంలో తుఫాను వస్తే అక్కడి జనం పారిపోయి వచ్చే ఊళ్లలో అదీ ఒకటి. దేశం మొత్తపు వాతావరణ రికార్డులను భద్రపరిచే జాతీయ పర్యావరణ సమాచార కేంద్రం ఉన్నదీ ఆష్‌విల్‌లోనే. ఆ వరదకు ఆ కేంద్రం సేవలు కూడా నిలిచిపోయాయి. హెలీన్ వల్ల పోయిన సుమారు 250 ప్రాణాల్లో వందకు పైగా ఒక్క నార్త్ కరోలినాలోనివే. 2005 నాటి కత్రినా తర్వాత అమెరికా ప్రధాన భూభాగంలో ఇంతటి ప్రాణనష్టం కలిగించిన హరికేన్ మరొకటి లేదు.

హరికేన్ల తీవ్రతను 1 నుంచి 5 వరకు కేటగిరీలుగా చెప్పే సాఫిర్–సింప్సన్ కొలమానం గాలి వేగాన్ని మాత్రమే లెక్కలోకి తీసుకుంటుంది. ఎంత వాన కురుస్తుంది, తుఫాను ఎంత నెమ్మదిగా కదులుతుంది, దాని దారిలో ఎలాంటి కొండలున్నాయి, నేల అప్పటికే ఎంత తడిసి ఉంది అన్న ప్రశ్నలకు ఆ అంకెలో సమాధానం ఉండదు. నేల మీదికి వచ్చిన తుఫానుకు సముద్రం నుంచి అందే వేడి, తేమ తగ్గిపోవడం వల్ల గాలి వేగం త్వరగా పడిపోతుంది గనుక కేటగిరీ కూడా పడిపోతుంది. హెలీన్ కరోలినా కొండలను చేరేసరికి హరికేన్ స్థాయిని కోల్పోయి ఉష్ణమండల తుఫానుగా మారింది. 1972లో పెన్సిల్వేనియాలోని విల్క్స్‌బారె పట్టణాన్ని ముంచిన ఆగ్నస్, తీరం దాటిననాడు ఒకటో కేటగిరీ తుఫాను మాత్రమే. 1969లో వర్జీనియాలోని నెల్సన్ కౌంటీలో ఒక్క రాత్రిలో వంద మందికి పైగా ప్రాణాలు తీసిన కెమీల్ అక్కడికి చేరేసరికి బలహీనపడిన వాయుగుండం. గాలి తగ్గిందన్న కబురును ప్రమాదం తగ్గిందన్న కబురుగా వినే అలవాటు వల్లనే ఇలాంటి ఊళ్లు ఎక్కువగా నష్టపోతున్నాయి. ఆ అలవాటును పెంచడంలో తీరం దాటే ఘట్టం వరకు రాత్రింబవళ్లు చూపించి, మర్నాడు కెమెరాలు సర్దుకునే టెలివిజన్ వార్తలకూ వాటా ఉంది.

హెలీన్ విషయంలో వాన రెండు విడతలుగా పడింది. అసలు తుఫాను ఇంకా సముద్రంలో ఉండగానే, సెప్టెంబరు 25, 26 తేదీల్లో, దాని నుంచి ముందుకు పాకిన తేమ ఉత్తరాన నిలిచి ఉన్న మరో వాతావరణ వ్యవస్థతో కలిసి భారీగా కురిసింది. తుఫాను రాకకు ముందు, దాని తేమతోనే కురిసే ఇలాంటి వానను వాతావరణ శాస్త్రవేత్తలు పూర్వగామి వర్షం అంటారు. దాంతో నేల తడిసిన దూదిలా నిండిపోయి, ఆ తర్వాత పడిన ప్రతి చుక్కనూ వాగుల్లోకే వదిలింది. 26 రాత్రి, 27 ఉదయం తుఫాను స్వయంగా వచ్చినప్పుడు ఆగ్నేయం నుంచి వీచిన తేమ గాలులు బ్లూ రిడ్జ్ కొండల వాలుకు తగిలి పైకి లేచాయి. పైకి లేచిన గాలి చల్లబడి, చల్లబడిన గాలి తేమను పట్టి ఉంచలేక వదిలేస్తుంది గనుక, గాలికి ఎదురుగా ఉన్న వాలుల మీద వాన మైదానంలో కంటే ఎన్నో రెట్లు ఎక్కువగా ఉంటుంది. ఆష్‌విల్ విమానాశ్రయంలో మూడు రోజుల్లో దాదాపు 14 అంగుళాలు నమోదైతే, అదే కొండల్లో, యాన్సీ కౌంటీలోని బ్యూసిక్ దగ్గర 30 అంగుళాలు దాటింది. ఊళ్లో పడిన వానను మాత్రమే చూసుకునే పట్టణం ఎగువ లోయలో పడిన వాన తన వీధుల్లోకి వస్తుందని ఆలస్యంగా తెలుసుకుంటుంది.

ఆష్‌విల్ నడుమ ఫ్రెంచ్ బ్రాడ్ నది ఉత్తర దిశగా ప్రవహిస్తుంది. తూర్పున ఉన్న కొండల నుంచి దిగే స్వన్ననోవా నది బిల్ట్‌మోర్ ప్రాంతం దాటాక దానిలో కలుస్తుంది. ఫ్రెంచ్ బ్రాడ్ నీటిమట్టం 9.5 అడుగులు దాటితే అక్కడ వరద మొదలైనట్లు లెక్క. హెలీన్ నాడు అది 24.67 అడుగులకు చేరి, 1916 జులైలో నమోదైన 23.1 అడుగుల రికార్డును చెరిపేసింది. స్వన్ననోవా బిల్ట్‌మోర్ దగ్గర 26 అడుగులు దాటింది. 1916లో అక్కడ నమోదైనది 21 అడుగుల లోపే. 1916 వరద కూడా ఇదే తీరున వచ్చిందన్నది గమనించాల్సిన సంగతి. ఆ జులై మొదట్లో సింధుశాఖ నుంచి వచ్చిన ఒక తుఫాను కొండలను తడిపి పోయింది. పది రోజులు తిరగకుండా చార్ల్‌స్టన్ దగ్గర తీరం దాటిన రెండో తుఫాను ఆ తడిసిన కొండల మీద కురిసి, ఆల్టపాస్ అనే చోట 24 గంటల్లో 22 అంగుళాల వాన కురిపించింది. 2004 సెప్టెంబరులో ఫ్రాన్సిస్, ఐవన్ తుఫానుల అవశేషాలు రెండు వారాల లోపు ఒకదాని వెంట ఒకటి వచ్చి ఇదే ప్రాంతాన్ని ముంచాయి. ఒక తుఫాను నేలను నింపడం, మరొకటి ముంచడం ఈ కొండలకు కొత్త కాదు. కాబట్టి ఇదివరకెన్నడూ చూడని విపత్తు అన్న మాటను నీటిమట్టం విషయంలో ఒప్పుకోవచ్చు గాని, దాని స్వభావం విషయంలో ఒప్పుకోనవసరం లేదు.

కొండ ప్రాంతపు ఊళ్లలో సమతలమైన నేల దొరికేది నది ఒడ్డునే. రైలు మార్గం, మిల్లులు, గోదాములు, ఆ తర్వాత దుకాణాలు, కళాకారుల స్టూడియోలు, హోటళ్లు అక్కడే వెలిశాయి; కారవాన్ వాహనాలు నిలిపే విడిది స్థలాలూ, ఫ్యాక్టరీలో తయారై ట్రక్కు మీద వచ్చే మొబైల్ హోమ్ ఇళ్ల కాలనీలూ అక్కడే ఉన్నాయి. మొబైల్ హోమ్‌కు లోతైన పునాది ఉండదు గనుక నీరు చుట్టుముడితే తేలిపోతుంది. అందులో ఉండేవారిలో ఎక్కువమంది తక్కువ ఆదాయం గల కుటుంబాలు, వృద్ధులు, వలస కార్మికులు. అంటే ముందుగా కదలాల్సినవారే, కదలడానికి వాహనం, డబ్బు, సెలవు తక్కువగా ఉన్నవారు. ప్రణాళిక రాసేవారు వరద పటం మీద నీలిరంగు వేసిన చోట ఎన్ని ఇళ్లున్నాయన్నది లెక్కించి ఊరుకుంటే సరిపోదు. ఆ ఇళ్లలో కారు లేనివారు ఎందరు, ఇంగ్లిషు రానివారు ఎందరు, ఆక్సిజన్ యంత్రం మీద ఉన్నవారు ఎందరు అన్నది కూడా తెలియాలి.

ఆ నీలిరంగు గురించి కూడా కొంత చెప్పుకోవాలి. అమెరికా సమాఖ్య విపత్తు నిర్వహణ సంస్థ ఫెమా తయారుచేసే వరద పటాల్లో, ఏటా నూటికి ఒక పాలు మునిగే అవకాశం ఉన్న ప్రాంతాన్ని ప్రత్యేక ముప్పు ప్రాంతంగా గుర్తిస్తారు. దీన్నే వాడుకలో వందేళ్ల వరద అంటారు. ఈ మాట వినేవారు వందేళ్లకోసారి వస్తుందనుకుంటారు. నిజానికి ఏడాదికి ఒక శాతం అంటే 30 ఏళ్ల గృహరుణం తీరేలోగా ఆ ఇల్లు మునిగే అవకాశం సుమారు 26 శాతం. పైగా ఈ పటాలు ప్రధానంగా పెద్ద నదులు, ప్రవాహాల పొంగును చూపిస్తాయి. కొండవాలు నుంచి ఉరికే చిన్న వాగును గాని, వాన నీరు పోయే దారి లేక వీధిలో నిలిచిపోవడాన్ని గాని అంతగా పట్టించుకోవు. ముప్పు ప్రాంతంలో ఇల్లు తాకట్టు పెట్టి రుణం తీసుకుంటే వరద బీమా తప్పనిసరి. గీతకు అవతల ఉంటే ఎవరూ అడగరు గనుక, సాధారణ గృహబీమా వరద నష్టాన్ని భరించదన్న సంగతి తెలియకుండానే జనం నిశ్చింతగా ఉంటారు. ఆష్‌విల్ ఉన్న బన్‌కోంబ్ కౌంటీలో హెలీన్ నాటికి వరద బీమా ఉన్న ఇళ్లు ఒక శాతం కూడా లేవు.

నీటితో పాటు నేల కూడా కదిలింది. హెలీన్ వల్ల దక్షిణ అపలాచియన్ కొండల్లో రెండు వేలకు పైగా చోట్ల కొండచరియలు విరిగిపడినట్లు అమెరికా భూగర్భ సర్వే గుర్తించింది. మట్టి, బండలు, చెట్లు నీటితో కలిసి లోయలోకి ఉరికే ఈ బురద ప్రవాహం నది వరదలా అంచెలంచెలుగా పెరగదు. పారిపోవడానికి నిమిషాలు కూడా ఇవ్వకపోవచ్చు. వరదకు భయపడి ఎత్తైన చోటికి వెళ్లడం సరైనదే గాని, ఆ ఎత్తైన చోటు నిటారు వాలు కింద, పాత బురద ప్రవాహం పేర్చిపోయిన మట్టి దిబ్బ మీద ఉంటే ప్రమాదం రూపం మారుతుందే గాని తొలగిపోదు. అందుకే కొండ ఊరికి వరద పటం ఒక్కటే చాలదు, దాని మీద కొండచరియల ముప్పు పటాన్ని కూడా పరచి చూసి పునరావాస కేంద్రాలను నిర్ణయించాలి.

తీరపు ఊళ్లలో ఖాళీ చేయించడానికి ఒక పద్ధతి స్థిరపడింది. నార్త్ కరోలినాలోనే తీర ప్రాంత కౌంటీలను మండలాలుగా విభజించి, ప్రతి ఇంటికీ తన మండలపు అక్షరం తెలిసేలా చేసి, ఉప్పెన అంచనాను బట్టి ఏ మండలం ఎప్పుడు కదలాలో ప్రకటిస్తారు. హైవే మీద రెండు వైపుల వరసలనూ లోపలి దిక్కుకే నడిపే ఏర్పాట్లు కూడా అక్కడి రాష్ట్రాలకు తెలుసు. పశ్చిమ కొండల్లోని కౌంటీలకు ఇలాంటి మండలాలు లేవు. అయితే తీరపు పద్ధతిని యథాతథంగా కొండల్లో దించడం కూడా పొరపాటే అవుతుంది. ఉప్పెన ఎంత వెడల్పున వస్తుందో రెండు రోజుల ముందే చెప్పగలిగినంత నమ్మకంగా, ఏ వాగు ఏ గంటకు పొంగుతుందో చెప్పడం సాధ్యం కాదు. ఊరంతటినీ వంద కిలోమీటర్లు పంపిస్తే దారిలోనే వరద ఎదురుకావచ్చు. 2005లో రీటా హరికేన్ ముందు హ్యూస్టన్ ప్రాంతం నుంచి లక్షలాది మంది ఒక్కసారిగా బయలుదేరి, ఎండలో, ఇంధనం దొరకని రోడ్ల మీద చిక్కుకుపోయినప్పుడు తుఫాను కంటే ప్రయాణమే ఎక్కువ ప్రాణాలు తీసింది. వృద్ధాశ్రమవాసులను తీసుకుపోతున్న ఒక బస్సు తగలబడి 23 మంది మరణించారు. ఖాళీ చేయించడం కూడా ప్రమాదంతో కూడిన చర్యేనని, అవసరమైనవారిని అవసరమైనంత దూరమే కదపాలని ఆ ఘటన అక్కడి అధికారులకు నేర్పింది. గాలికి దాక్కో, నీటికి పరుగెత్తు అన్న సూత్రం అక్కడి విపత్తు నిర్వాహకుల నోట తరచుగా వినిపిస్తుంది. కొండ ఊరిలో ఆ పరుగు చాలాచోట్ల అర కిలోమీటరో, కిలోమీటరో పైకి ఎక్కడం మాత్రమే.

దూరం తక్కువ కావడం వల్ల పని తేలికవుతుందని అనుకోవడానికి వీల్లేదు, ఎందుకంటే ఇక్కడ కరవయ్యేది సమయం. అన్ని లోపలి ఊళ్లకూ సమయం ఒకే తీరుగా ఉండదు. 1999 సెప్టెంబరు 16న ఫ్లాయిడ్ హరికేన్ నార్త్ కరోలినా తీరం దాటాక, మైదానంలో నెమ్మదిగా పారే టార్ నది కొన్ని రోజుల పాటు పెరుగుతూ వచ్చి, బానిసత్వం నుంచి విముక్తి పొందిన నల్లజాతివారు స్థాపించుకున్న ప్రిన్స్‌విల్ పట్టణపు కరకట్టను దాటి ఊరంతటినీ ముంచింది. అప్పటికి ఎండ కాస్తోంది. ఆకాశం నిర్మలంగా ఉన్నా నది పొంగుతూనే ఉంటుందన్న విషయం జనానికి చెప్పడమే అలాంటి ఊరి ప్రణాళికలో కష్టమైన భాగం. కొండ లోయలోని ఊరిలో ఇందుకు పూర్తిగా విరుద్ధంగా, వాన కురుస్తుండగానే, చాలాసార్లు చీకట్లోనే, గంటల వ్యవధిలో అంతా జరిగిపోతుంది. నెల్సన్ కౌంటీలో చనిపోయినవారిలో ఎక్కువమంది నిద్రలో ఉన్నారు. కాబట్టి కొండ ఊరికి ఒక కఠినమైన నియమం వర్తిస్తుంది: రాత్రి వరద రావచ్చని అంచనా ఉంటే, ఖాళీ చేయించే నిర్ణయం అంతకుముందు పగటి వెలుగులోనే జరిగిపోవాలి, ఆ తర్వాత వరద రాకపోయినా సరే.

ఆ నిర్ణయం తీసుకోవడానికి కావలసిన సమాచారం హెలీన్ విషయంలో లేకపోలేదు. గ్రీన్‌విల్–స్పార్టన్‌బర్గ్ లోని జాతీయ వాతావరణ సేవా కార్యాలయం సెప్టెంబరు 26 నాటికే ఇది ఆధునిక కాలంలో ఈ ప్రాంతం చూసిన అతి తీవ్ర ఘటనల్లో ఒకటి కాబోతోందని, 1916తో పోల్చి మరీ హెచ్చరించింది. అయితే పది అంగుళాల వాన అన్న అంచనా చదివిన సామాన్యుడికి, తన వాకిట్లోకి నీళ్లు వస్తాయా రావా అన్నది అర్థం కాదు. అంచనాను వీధి పేరుగా మార్చే మధ్య మెట్టు ఒకటి ఉండాలి. ప్రణాళిక అంటే ప్రధానంగా ఆ మెట్టే. ఎగువన ఫలానా వంతెన దగ్గర నీరు ఇన్ని అడుగులకు చేరితే దిగువన ఫలానా కాలనీ ఇన్ని గంటల్లో మునుగుతుంది గనుక, అంతకు ఇన్ని అడుగుల ముందే ఆ కాలనీ కదలాలి అని ముందుగానే రాసిపెట్టుకుంటే, అర్ధరాత్రి అధికారి మీద వాదన భారం ఉండదు. ఫ్లాయిడ్ తర్వాత నార్త్ కరోలినా తన నదుల వెంట నీటిమట్టాలను గమనించి ముంపు పటాలతో జోడించే రాష్ట్రస్థాయి వ్యవస్థను నిర్మించుకుంది. 2021లో ఫ్రెడ్ తుఫాను వల్ల పిజన్ నది లోయలో ఆరుగురు మరణించాక హేవుడ్ కౌంటీ తన ఎగువ వాగుల మీద కొలమానాలను పెంచుకుంది. దెబ్బ తిన్నాక పరికరం పెట్టుకోవడం మామూలే. పక్క లోయ తిన్న దెబ్బను తనదిగా తీసుకునే ఊరు మాత్రం అరుదు.

విల్క్స్‌బారె ఆ అరుదైన పని కాకపోయినా, తన సొంత అనుభవాన్ని మరచిపోని పని చేసింది. 1972 జూన్ 23న ఆగ్నస్ వానలతో సస్కెహానా నది దాదాపు 41 అడుగులకు చేరి, 37 అడుగులకు కట్టిన కరకట్టలను దాటింది. తర్వాత కట్టలను మరింత ఎత్తు చేశారు. 2011 సెప్టెంబరులో లీ తుఫాను అవశేషాలతో నది 1972 నాటి మట్టాన్ని మించి 42.66 అడుగులకు చేరినప్పుడు కట్టలు అంచు వరకు నిండి కూడా నిలిచాయి. అయినా కట్ట నిలుస్తుందని నమ్మి కూర్చోకుండా కౌంటీ అధికారులు 60 వేల మందికి పైగా జనాన్ని ముందే ఖాళీ చేయించారు. 1972లో ఎక్కడెక్కడ మునిగిందో ఆ గీతనే ఖాళీ చేయాల్సిన గీతగా ప్రకటించడం వల్ల ఎవరికీ పటం వెతుక్కునే పని లేకపోయింది. కట్ట లేని వెస్ట్ పిట్‌స్టన్ మాత్రం మునిగింది. ఇంజినీరింగు రక్షణ ఉన్నచోట కూడా జనాన్ని కదిలించడం వృథా శ్రమ కాదని చూపడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ దొరకదు.

హెచ్చరిక వెళ్లే దారి గురించి హెలీన్ చెప్పిన పాఠం మరీ కటువైనది. ఫోన్లకు నేరుగా వచ్చే అత్యవసర సందేశాల మీద అందరూ ఆధారపడి ఉండగా, కరెంటు, ఫైబర్ తీగలు తెగిపోయి పశ్చిమ నార్త్ కరోలినా సెల్ టవర్లలో నాలుగింట మూడు వంతులకు దగ్గరగా మూగబోయాయి. ఆ రోజుల్లో మౌంట్ మిచెల్ శిఖరం మీది హామ్ రేడియో రిపీటర్, అంటే ఔత్సాహికుల రేడియో సంకేతాలను అందుకుని తిరిగి ప్రసారం చేసే పరికరం, ఎన్నో లోయలకు ఏకైక సంబంధంగా మిగిలింది. బ్యాటరీతో నడిచే వాతావరణ రేడియో, సైరన్, ఇంటింటికీ వెళ్లి తలుపు తట్టే అగ్నిమాపక వాలంటీరు వంటి పాత సాధనాలను తీసిపారేయకూడదనడానికి ఇదే కారణం. తప్పుడు సమాచారం మరో చిక్కు. టెనెసీలోని న్యూపోర్ట్‌కు ఎగువన ఉన్న వాల్టర్స్ డ్యామ్ కూలిపోయిందని సెప్టెంబరు 27న ప్రకటించి పట్టణ కేంద్రాన్ని ఖాళీ చేయమన్నారు. డ్యామ్ కూలలేదని తర్వాత తేలింది. లేక్ లూర్ డ్యామ్ కూలబోతోందని కూడా అదే రోజు హెచ్చరించారు. నీరు కట్ట మీదుగా పొర్లింది గాని అది నిలిచింది. రెండు చోట్లా జనాన్ని కదిలించడం తప్పు కాదు. డ్యామ్ నడిపేవారికీ దిగువ ఊరి అధికారులకూ మధ్య ఫోను కాక మరో నమ్మకమైన మార్గం ఉండాలని, డ్యామ్ తెగితే ఎక్కడి దాకా మునుగుతుందో చూపే పటం ఊరివారి చేతిలో ముందే ఉండాలని మాత్రం ఇవి గట్టిగా చెబుతున్నాయి.

రోడ్ల సంగతి వేరే చెప్పనక్కరలేదు. టెనెసీ సరిహద్దు దగ్గర పిజన్ నది ఇరుకు లోయలో ఇంటర్‌స్టేట్ 40 హైవే అంచు కోసుకుపోయి, 2025 మార్చి దాకా తెరుచుకోలేదు. అప్పుడు కూడా దిక్కుకొక వరసతో. వంతెనకు అవతల ఉన్న పునరావాస కేంద్రం కాగితం మీద లెక్కకు వస్తుంది గాని వరద రాత్రి పనికిరాదు. నది చీల్చిన ఊరికి ప్రతి ఒడ్డునా ఒక కేంద్రం, ఒక అంబులెన్సు, కొంత మందు, కొంత ఇంధనం ఉండాలి. నీట మునిగిన రోడ్డు మీద కారు నడపడం అమెరికాలో వరద మరణాలకు ప్రధాన కారణాల్లో ఒకటి: వేగంగా పారే నీరు ఆరు అంగుళాలుంటే నడిచే మనిషిని పడగొడుతుంది, అడుగు లోతుంటే చిన్న కారును, రెండు అడుగులుంటే చాలావరకు పెద్ద వాహనాలను కూడా లాక్కుపోతుంది. టెనెసీలోని ఎర్విన్‌లో నొలిచకీ నది ఒడ్డునున్న ఆసుపత్రిలో, అప్పటికి ఆరేళ్ల కిందటే కొత్తగా కట్టిన భవనం పైకప్పు మీద, 50 మందికి పైగా రోగులు, సిబ్బంది హెలికాప్టర్ల కోసం ఎదురుచూడాల్సి వచ్చింది. ఆసుపత్రులు, వృద్ధాశ్రమాలు, పాఠశాలలు ఎక్కడ కట్టాలన్నది ప్రణాళికలో మొదటి పేజీ కావాలి. చోటు తప్పితే ఎంత మంచి తరలింపు పథకమైనా ఆ తప్పును దిద్దలేదు.

నీరు తీసిన తర్వాత మొదలయ్యే కష్టం కూడా ఈ లెక్కలోకి రావాలి. ఆష్‌విల్‌కు తాగునీరు ఇచ్చే నార్త్ ఫోర్క్ జలాశయం నుంచి వచ్చే పెద్ద పైపులు కొట్టుకుపోయాయి. 2004 వరదల తర్వాత ప్రత్యామ్నాయంగా వేసిన పైపు కూడా వాటితో పాటే పోయింది. కుళాయిలో తాగదగిన నీరు తిరిగి రావడానికి 53 రోజులు, నవంబరు 18 వరకు, పట్టింది. మరుగుదొడ్లలో పోయడానికి జనం వాగుల నుంచి బకెట్లు మోసుకున్నారు. కొన్ని రోజులకు సరిపడా నీళ్లు, బిస్కట్లు పెట్టుకోమనే సలహా ఇలాంటి ఊరికి ఎంత చిన్నదో దీన్నిబట్టి తెలుస్తుంది.

తెలుగువారికి ఇది పరాయి దేశపు కథగా మిగిలే అవకాశం లేదు. హెలీన్‌కు నాలుగు వారాల ముందు, 2024 ఆగస్టు 31, సెప్టెంబరు 1 తేదీల్లో, కళింగపట్నం దగ్గర తీరం దాటిన వాయుగుండం తుఫాను స్థాయికి కూడా చేరలేదు. తీరం దాటిన చోటు నుంచి వందల కిలోమీటర్ల దూరంలో బుడమేరుకు గండ్లు పడి విజయవాడలోని సింగ్‌నగర్ మునిగింది, మున్నేరు పొంగి ఖమ్మం మునిగింది, ప్రకాశం బరాజ్ దగ్గర కృష్ణలో 11.43 లక్షల క్యూసెక్కుల రికార్డు ప్రవాహం నమోదైంది. కృష్ణను కనిపెట్టుకుని ఉన్న నగరాన్ని ముందుగా దెబ్బతీసింది పక్కనున్న వాగు. తీరపు జిల్లాల్లో 1977 దివిసీమ ఉప్పెన తర్వాత దశాబ్దాల పాటు కట్టుకున్న తుఫాను షెల్టర్లు, మైకు ప్రచారం, ఆర్డీవోల అనుభవం లోపలి పట్టణాలకు ఇంకా చేరలేదు. షార్లెట్, రాలీ, కేరీ వంటి నార్త్ కరోలినా నగరాల్లో స్థిరపడిన తెలుగు కుటుంబాలకు సెలవు రోజుల్లో ఆష్‌విల్ కొండలు దగ్గరి విహారస్థలం. సెప్టెంబరులో అక్కడ నది ఒడ్డున క్యాబిన్ బుక్ చేసుకునేవారు, సింధుశాఖలో తుఫాను పుట్టిందని వింటే దాని కేటగిరీ ఎంతని చూడటం మాని, ఆ కొండల మీద ఎన్ని అంగుళాల వాన పడుతుందని చూడాలి. ఎనిమిది, పది అంగుళాలని అంచనా ఉంటే ప్రయాణం వాయిదా వేయాలి, అప్పటికే అక్కడ ఉంటే వెలుగు ఉండగానే నది ఒడ్డు విడిచి పైకి వెళ్లాలి.